బిడ్డను చూసుకునే కాగితం అందరం కూర్చుని రాయాలి

(అత్వెల్లిలో ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఆగస్టు 9 అనగానే మనం డోలు, గుస్సాడి, కొమ్ము నృత్యం, మన భాష, మన భూమి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల ఆరోగ్యం గురించి కూడా నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని అడిగారు. మేము వైద్యం చదివినవాళ్లం కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, గిరిజన సంక్షేమ వసతి గృహాల్లో వార్డెన్లుగా పని చేస్తున్నవాళ్లం. ఇక్కడ చెప్పే మాటలు తోటి వార్డెన్లందరం కూర్చుని పంచుకున్నవి. అందుకే ‘మేము’ అంటున్నాం.

మేము చెప్పదలచుకున్నది ఒకటే. కొందరు పిల్లలకు ఏళ్ల తరబడి మందులు, పరీక్షలు, దవాఖాన తప్పవు. అటువంటి బిడ్డను రోజూ ఎట్లా చూసుకోవాలో, ప్రాణం మీదికి వస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితాన్ని డాక్టరు, తల్లిదండ్రులు, వసతి గృహం వాళ్లు కలిసి రాయాలి. బిడ్డ మాట కూడా అందులో ఉండాలి.

మన పిల్లల్లో ఈ అవసరం ఎక్కువగా కనిపించేది సికిల్ సెల్ జబ్బులో. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో గుర్తించారు. ఆ తరువాత మధ్య భారతమంతటా, మన గోండు, కొలాం, కోయ గూడేల్లో కూడా ఉందని తెలిసింది. గిరిజనుల్లో ప్రతి 86 జననాల్లో ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటుందని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ చెబుతోంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి రక్త పరీక్ష చేయాలన్నది లక్ష్యం. ఆ రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మన పిల్లలకు పరీక్షలు జరిగాయి, కార్డులు చేతికి వస్తున్నాయి. కార్డు వచ్చిన మర్నాటి నుంచి ఆ ఇల్లు ఎట్లా నడవాలన్నదే మా ప్రశ్న.

జబ్బు సంగతి తల్లిదండ్రుల కోసం కొంచెం చెబుతాం. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. 120 రోజుల దాకా బతుకుతుంది. ఈ జబ్బులో కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది, 10 నుంచి 20 రోజుల్లో చనిపోతుంది. అందుకే బిడ్డకు రక్తం తక్కువ, కళ్లు పచ్చబడతాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే అక్కడ భరించలేని నొప్పి వస్తుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, అతిగా అలసిపోవడం ఆ నొప్పిని రేపుతాయి. రోగాల నుంచి కాపాడే ప్లీహం చిన్నప్పుడే దెబ్బ తింటుంది. అందువల్ల ఇతర పిల్లలకు మామూలు జ్వరం అనిపించేది ఈ పిల్లలకు ప్రాణగండం కావచ్చు.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కడ ఉంటున్నారో చూడండి. ఉట్నూరు వైపు నుంచి, ఆసిఫాబాద్ నుంచి, ములుగు నుంచి చదువు కోసం ఈ మేడ్చల్, శామీర్‌పేట వైపు వస్తున్నారు. తల్లి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. బిడ్డను చూసే డాక్టరు నగరంలో ఒక పెద్ద దవాఖానలో ఉంటారు. రాత్రి 11 గంటలకు బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే పక్కన ఉండేది మేము. జబ్బు సంగతి డాక్టరుకు తెలుసు. బిడ్డ సంగతి తల్లికి తెలుసు. ఆ రాత్రి సంగతి మాకు తెలుసు. ఈ మూడూ ఒకచోట లేకపోతే ముగ్గురమూ సగం సగం తెలిసినవాళ్లమే.

ఒక ఉదాహరణ. మాలో ఒకరి వసతి గృహంలో ఏడో తరగతి పాప రాత్రి పక్క తడుపుతోంది. తోటి పిల్లలు నవ్వుతున్నారు. పాప సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసింది. నీళ్లు మానేసిన వారంలోనే కాళ్ల నొప్పి మొదలైంది. వాళ్ల అమ్మ వచ్చినప్పుడు, “ఇది చిన్నప్పటి నుంచి ఉన్నదే మేడమ్, రాత్రి రెండుసార్లు లేపి బయటికి తీసుకుపోయేదాన్ని,” అన్నది. ఆ మాట ఆమె డాక్టరుకు ఎన్నడూ చెప్పలేదు. వాళ్లు అడగలేదు, జబ్బుకు దానికి సంబంధం ఉంటుందని ఈమె అనుకోలేదు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆ సంగతి బయటపడింది. సికిల్ సెల్ ఉన్న పిల్లల మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవని, మూత్రం ఎక్కువ వస్తుందని, అందుకే వాళ్లు మామూలు పిల్లల కంటే ఎక్కువ నీళ్లు తాగాలని డాక్టరమ్మ చెప్పారు. అప్పుడు మూడు పనులు రాసుకున్నాం. పాప బల్ల మీద ఎప్పుడూ నీళ్ల సీసా ఉండాలి. తరగతిలో ఎన్నిసార్లు అడిగినా బయటికి పంపాలి. రాత్రి 11కు, 3కు కాపలా ఆయా లేపాలి. పక్క తడపడం దాదాపు ఆగింది, పాప మళ్లీ నీళ్లు తాగుతోంది. మందు ఏమీ మారలేదు. తల్లి మాట డాక్టరు చెవిన పడింది, డాక్టరు మాట ఆయా దాకా వచ్చింది.

టీచర్ ట్రైనింగ్‌లో మాకు పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు. అందులో మొదటి మెట్టు పూర్వజ్ఞాన పరిశీలన. పిల్లలకు అప్పటికే ఏం తెలుసో అడిగి తెలుసుకోకుండా పాఠం మొదలుపెడితే ఆ పాఠం గాలికి పోతుంది. వైద్యంలో కూడా అంతే అని మాకు అనిపిస్తుంది. నొప్పి రావడానికి ముందు రోజు తన బిడ్డ ఎట్లా ఉంటుందో తల్లికి తెలుసు. ఒక తల్లి కళ్ల పసుపు చూసి చెబుతుంది. ఇంకో తల్లి, బిడ్డ అన్నం పక్కన పెట్టి మూలన పడుకుంటే గుర్తుపడుతుంది. ఇది ఏ పరీక్షలోనూ రాదు.

అయితే మన తల్లిదండ్రులు డాక్టరు ముందు నోరు విప్పరు. ఎందుకు విప్పరో మనకు తెలుసు. ఇంట్లో గోండి, కొలామి, కోయ, గోర్ బోలి. డాక్టరు అడిగేది తెలుగులో, రాసేది ఇంగ్లీషులో. వెనక వంద మంది వరుసలో నిలబడి ఉంటారు. “అర్థమైందా?” అంటే “అయింది సారూ” అని తల ఊపి వచ్చేస్తారు. పసరు మందు పోశామని, పూజారి దగ్గర తాయెత్తు కట్టించామని చెబితే తిడతారని దాస్తారు. తాయెత్తు వల్ల నష్టం లేదు. పసరు ఏ ఆకుదో డాక్టరుకు తెలిస్తే మందుతో కలపవచ్చో లేదో చెప్పగలరు. దాచాల్సిన అవసరం లేని మర్యాద ముందు దొరకాలి. ఆ మర్యాద ఇచ్చే డాక్టర్లు మన ఎదుటే ఉన్నారు, వారికి మా నమస్కారం.

ఇంకో సంగతి. పదో తరగతి చదివే అమ్మాయికి డాక్టరు హైడ్రాక్సీయూరియా అనే గోలీ రాశారు. రోజూ వేసుకుంటే నొప్పులు తగ్గుతాయని పేరున్న మందు. తండ్రి మందుల దుకాణంలో అడిగితే అది క్యాన్సర్‌కు ఇచ్చే మందు అన్నారు. ఆయన భయపడి గోలీలు ఆపేశాడు. నొప్పులు ఆగలేదు. “చదువు చాలు, బిడ్డను ఇంటికి తీసుకుపోతా,” అని వచ్చాడు. పరీక్షలకు నాలుగు నెలలే ఉంది. అమ్మాయి ఏడుస్తూ, “బాపూ, పరీక్ష రాసి వస్తా,” అంటోంది. ఇందులో ఎవరిది తప్పు అంటాం? బిడ్డ బతకాలని తండ్రి, బిడ్డకు నొప్పి తగ్గాలని డాక్టరు, చదువు ఆగకూడదని బిడ్డ.

ఆ రోజు అందరూ అరగంట కూర్చున్నారు. ఆ మందు కొన్ని రక్త క్యాన్సర్లకు కూడా వాడతారన్నది నిజమేనని డాక్టరు దాచకుండా చెప్పారు. ఈ జబ్బులో మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుందని, రక్తకణాలు తగ్గవచ్చు కాబట్టి క్రమం తప్పకుండా రక్త పరీక్ష చేయాలని అన్నారు. “రేపు పెండ్లయితే పిల్లలు పుడతారా?” అని తండ్రి అడిగాడు. గర్భం వద్దనుకున్నన్ని రోజులే ఈ మందు వాడాలని, బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పి ఆపాలని వివరించారు. అమ్మాయిని కూడా అడిగారు. “పొద్దున వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, రాత్రి తిన్నాక వేసుకుంటా,” అంది. సరే అన్నారు. మూడు నెలలు వాడి చూద్దాం, పరీక్ష కాగితాలు తండ్రికి కూడా పంపుదాం, నొప్పి ఎక్కువైతే ఆయన వచ్చి తీసుకుపోవచ్చు అని రాసుకున్నారు. అమ్మాయి పరీక్ష రాసింది. మధ్యలో ఒకసారి నొప్పి వచ్చింది, రెండు రోజులు దవాఖానలో ఉంది. అన్నీ బాగైపోయాయని మేము చెప్పడం లేదు. ఆ రెండు రోజులూ ఎవరికీ అయోమయం లేదు, ఎవరినీ ఎవరూ నిందించుకోలేదు.

మరి ఆ కాగితంలో ఏముండాలి? మేము రాసుకునే పద్ధతి చెబుతాం. ఒక్క పేజీ చాలు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

మొదట బిడ్డ పేరు, జబ్బు పేరు, రక్తం గ్రూపు. జబ్బు ఉందా, వాహకమా అన్నది స్పష్టంగా ఉండాలి. డాక్టరు నంబరు, తల్లిదండ్రుల నంబరు, వాళ్ల ఊళ్లో టవర్ అందకపోతే పక్కవాళ్ల నంబరు, ఆశా అక్క నంబరు.

రెండోది రోజువారీ సంగతులు. ఏ గోలీ, ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా. నీళ్లు ఎన్ని. చలికాలం వేడినీళ్ల స్నానం, స్వెట్టరు. ఆటల్లో ఎంతవరకు. ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. బడుల్లో వారానికోసారి 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు నీలం రంగు ఐరన్ గోలీ ఇస్తాం. తలసేమియా ఉన్న పిల్లలకు, పదే పదే రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఒంట్లో ఇనుము ముందే ఎక్కువ. వాళ్లకు ఆ గోలీ ఇవ్వకూడదు. కాబట్టి ఈ బిడ్డకు ఐరన్ గోలీ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చేతే రాయించుకోవాలి.

మూడోది తల్లి చెప్పే గుర్తులు. ఆమె మాటల్లోనే రాయాలి. బిడ్డ తన భాషలో నొప్పిని ఏమంటుందో ఆ మాట కూడా రాయాలి.

నాలుగోది ఆగకుండా దవాఖానకు పోవాల్సిన గుర్తులు. జ్వరం 101 డిగ్రీలు దాటడం. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం. ఒక్కసారిగా పాలిపోవడం, ఎడమవైపు పక్కటెముకల కింద పొట్ట ఉబ్బడం. కాలు, చేయి పడిపోవడం, మాట తడబడటం. మగపిల్లల్లో అంగం నొప్పితో గట్టిపడి తగ్గకపోవడం. ఈ చివరిది పిల్లలు సిగ్గుతో దాస్తారు, ముందే చెప్పి ఉంచాలి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఆ 108 సేవ 2005లో మొదలైంది. దాన్ని నడిపే సంస్థ కేంద్రం మన మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్‌లోనే ఉంది. దారి పక్కన చూసే ఆ బోర్డు మన పిల్లల కోసమే అనుకోండి.

ఐదోది, ఏ దవాఖానకు పోవాలి, వెంట ఎవరు పోవాలి, తల్లిదండ్రులు ఫోన్‌లో దొరకకపోతే ఎవరు మాట్లాడాలి. సంతకం గురించి చాలామంది భయపడతారు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా రక్తం ఎక్కించడం లాంటి వాటి మీద తల్లిదండ్రుల అభిప్రాయం ముందే అడిగి రాసి పెట్టుకుంటే ఆ రాత్రి అందరికీ ధైర్యం.

ఆరోది సెలవులు, పండుగలు. దీన్ని దవాఖాన కాగితాల్లో ఎవరూ రాయరు, మనమే రాయించుకోవాలి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది, ఎముకలు కొరికే చలి. మేడారంలో జంపన్న వాగులో చన్నీళ్ల స్నానం. ఈ రెండూ నొప్పిని రేపేవే. అట్లని బిడ్డను జాతరకు పోవద్దంటే ఆ బిడ్డ తన వాళ్లకు దూరమవుతుంది. “వాగు నీళ్లు తల మీద చల్లుకోండి, మునగొద్దు, దుప్పటి, నీళ్ల సీసా, పది రోజుల గోలీలు వెంట ఉంచండి, అక్కడి వైద్య శిబిరంలో కార్డు చూపండి,” అని డాక్టరు రాసిస్తే తల్లి సంతోషంగా పాటిస్తుంది. పాటించగలిగేదే ప్రణాళిక.

ఈ కాగితం గోడకు అంటించేది కాదు. వార్డెన్ దగ్గర ఒకటి, తల్లి దగ్గర ఒకటి, డాక్టరు ఫైలులో ఒకటి, బిడ్డ సంచిలో ఒకటి. జబ్బు పేరు చెప్పి బిడ్డను వెక్కిరించేవాళ్లు, పెండ్లి సంబంధాలు చెడగొట్టేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాహకం అంటే రోగి కాదని మనమే చెప్పాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకాలైతే ప్రతి కాన్పులోనూ జబ్బు రావడానికి 25 శాతం అవకాశం. అది తల్లి ఒక్కదాని నుంచి వచ్చేది కాదు. ఇంటి కోడలిని తిట్టే అత్తలు ఈ లెక్క తెలుసుకోవాలి.

జబ్బు ఉందని చెబితే వసతి గృహంలో సీటు ఇవ్వరేమో అని దాచే తల్లిదండ్రులూ ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్, తలసేమియా, హిమోఫీలియా మూడూ చేరాయి. ఆ చట్టం ప్రకారం విద్యాసంస్థలు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. దాస్తే ఆ రాత్రి మేము గుడ్డివాళ్లమే. చెప్పండి, మీ వెంట చట్టం ఉంది, మేమూ ఉన్నాం.

ఇదంతా మేము కొత్తగా కనిపెట్టిన ముచ్చట కాదు. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు చేసిన ప్రకటనలోనే, తమ ఆరోగ్యానికి ప్రణాళిక వేసుకోవడంలో పాలుపంచుకోవడం ప్రజల హక్కు, బాధ్యత అని ఉంది. బిడ్డకు సంబంధించిన విషయంలో బిడ్డ మాట వినాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక చెబుతుంది, మన దేశం 1992లో దానిలో చేరింది. ఇంగ్లండులో 2014 చట్టం ప్రకారం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఆరోగ్యం, సంరక్షణ కలిపి ఒకే ప్రణాళిక రాస్తారు, తల్లిదండ్రులను అడిగే రాస్తారు. అంత దూరం ఎందుకు? మన హైదరాబాద్‌లో తలసేమియా సికిల్ సెల్ సొసైటీ 1998లో పుట్టింది. పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్న సంస్థ అది. రక్తం కోసం నెల నెలా తిరిగి తిరిగి అలసిపోయిన తల్లిదండ్రులు డాక్టర్ల పక్కన కూర్చుంటే ఏమవుతుందో అది చూపించింది.

చివరగా మా విన్నపాలు. డాక్టర్లకు సమయం లేదని మాకు తెలుసు. గంటలు అడగడం లేదు. ఏడాదికి రెండుసార్లు, ఒక్కో బిడ్డకు అరగంట ఇవ్వండి. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, చలి ముదరక ముందు నవంబరులో ఒకసారి. తల్లి రాలేకపోతే తన ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నుంచి ఫోన్‌లోనైనా కలపండి. ఆమె భాష తెలిసిన ఏఎన్ఎంనో, చదువుకున్న మన పిల్లనో పక్కన కూర్చోబెట్టండి. చివర్లో “అర్థమైందా?” అనకుండా, “ఇంటికి పోయి ఏం చేస్తావమ్మా, చెప్పు,” అని అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు చదువు రాకపోవచ్చు, బిడ్డను చదివినవాళ్లు మీరే. ప్రశ్నలు ముందే అనుకుని రండి. మందు ఆపాలనిపిస్తే ఆపే ముందు ఒక్క ఫోన్ చేయండి.

సంఘానికి ఒక మాట. ఈ సంచికలో ఈ ప్రసంగం వేస్తామన్నారు, సంతోషం. దాంతోపాటు ఆ ఒక్క పేజీ నమూనాను గోండి, కొలామి, కోయ, గోర్ బోలిలో మాటలుగా రికార్డు చేసి ఫోన్లలో పంపండి. చదవలేని తల్లి వింటుంది. మన భాషను బతికించుకోవడం అంటే ఇది కూడా.

వసతి గృహాల తరఫున మా మాట ఇస్తున్నాం. కాగితం ఉన్న ప్రతి బిడ్డ దగ్గరా రాత్రి మేల్కొని ఉంటాం, థర్మామీటరు చేతిలో ఉంటుంది, ఫోను ఛార్జింగ్‌లో ఉంటుంది. కాగితం లేని బిడ్డ కోసం ఈ జూన్ దాకా ఆగకుండా ఈ నెలలోనే మీ అందరినీ పిలుస్తాం. రండి.